మోటార్‌హోమ్ టైర్లు, హీటర్, ఏసీ: విప్పే ముందు కొలవండి

ఇది ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టిన క్లాస్ సీ మోటార్‌హోమ్ (లోపలే వంటిల్లు, పడక, బాత్రూము ఉండే బండి) ఉన్నవాళ్ళ కోసం. డ్రైవర్ సీటు పైన మంచం ముందుకు పొడుచుకొచ్చి, వెనక రెండు వైపులా జంట టైర్లు ఉండే రకం. అమెరికాలో అద్దెకి తిరిగేవాటిలో ఇవి చాలా కనిపిస్తాయి, సెకండ్ హ్యాండ్‌లో మనవాళ్ళు మొదట కొనేదీ సాధారణంగా ఇదే. క్లాస్ ఏ బస్సులున్నవాళ్ళకి టైరు సైజులు, ప్రెషర్లు మారతాయి గానీ పద్ధతి అదే.

ముందే ఒక మాట. దారిలో హీటర్ వెలగలేదు, ఏసీ చల్లబరచట్లేదు, టైరు పేలింది అని ఫోన్లు వచ్చినప్పుడు విషయం తవ్వి చూస్తే మెషిన్ పాడైన సందర్భాలు తక్కువ, దానికి అందాల్సింది అందకపోవడం ఎక్కువ. టైరుకి గాలి, ఫర్నెస్‌కి (గ్యాస్‌తో నడిచే హీటర్) బ్యాటరీ వోల్టేజీ, ఏసీకి కరెంటు, ఫిల్టర్ దాటి రావాల్సిన గాలి. ఇవన్నీ కొలవగలిగినవే. అందుకని టూల్ బాక్స్ కంటే ముందు మూడు వస్తువులు కొనండి: 120 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా చూపించే, రెండు వైపులా నోరున్న టైర్ గేజ్ (జంట టైర్లలో లోపలిదానికి మామూలు గేజ్ దూరదు), ఒక మల్టీమీటర్, వంటింట్లో మాంసం ఉడికిందో లేదో చూసే సూది థర్మామీటర్. మూడూ కలిపి కూడా మెకానిక్ ఒకసారి వచ్చి చూసినందుకు తీసుకునే డబ్బంత అవ్వవు.

టైర్లు

టైర్ల గురించే ఎక్కువ రాస్తాను. హీటర్ పోతే దుప్పటి కప్పుకోవచ్చు, ఏసీ పోతే హోటల్‌కి పోవచ్చు. ముందు టైరు 65 మైళ్ళ స్పీడులో పేలితే అలాంటి అవకాశం ఉండదు.

మొదట వయసు చూడండి. టైరు పక్క గోడ మీద డీఓటీ అని మొదలయ్యే కోడ్ ఉంటుంది, చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఈ నాలుగంకెలు చాలా టైర్లకి ఒకవైపే ఉంటాయి, బయటి వైపు కోడ్ సగమే కనిపిస్తే మిగతాది లోపలి వైపున్నట్టు. జంట టైర్ల దగ్గర ఫోన్ కెమెరా చేత్తో లోపలికి పెట్టి ఫోటో తీసుకోవాల్సిందే. ఆరింటి తేదీలూ విడివిడిగా చూడండి, సెకండ్ హ్యాండ్ బండికి బయటి టైర్లు కొత్తవి వేసి లోపలివి పాతవే వదిలేసి అమ్మడం కొత్తేం కాదు.

కారు టైరు అరిగి పోతుంది, మోటార్‌హోమ్ టైరు ముసలిదై పోతుంది. ట్రెడ్ నిండుగా ఉండి చూడ్డానికి బంగారంలా ఉన్న టైరు కూడా లోపల రబ్బరు ఎండిపోయి ఉండొచ్చు, ఎందుకంటే రబ్బరుని ఎండకీ ఓజోన్‌కీ తట్టుకునేలా చేసే రసాయనాలు టైరు తిరిగి వంగుతున్నప్పుడే పైకి వస్తాయి, మన బండేమో ఏడాదిలో పది నెలలు డ్రైవ్‌వేలోనో స్టోరేజ్‌లోనో నిలబడే ఉంటుంది. ఐదేళ్ళు దాటాక ఏడాదికోసారి టైర్ షాపులో చూపించమని, ఎలా ఉన్నా పదేళ్ళకి మార్చేయమని మిషెలిన్ లాంటి కంపెనీలు చెబుతాయి. నా లెక్క ఇంకా తక్కువ: ముందు రెండూ ఆరేళ్ళకి, వెనకవి ఏడేళ్ళకి. టెక్సస్, అరిజోనా ఎండలో నిలబడే బండైతే ఒక్క రోజు కూడా పొడిగించను.

తర్వాత ప్రెషర్. ఈ బండ్లకి వచ్చే మామూలు సైజు ఎల్‌టీ225/75ఆర్16, లోడ్ రేంజ్ ఈ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే తరగతి). దాని మీద రాసిన 80 పీఎస్ఐ అంటే టైరు తన పూర్తి బరువు మోయడానికి కావాల్సిన గాలి. ఆ 80 దగ్గర ఒంటి టైరు 2,680 పౌండ్లు, జంటలో ఉన్నది 2,470 పౌండ్లు మోస్తుంది. మరి మన బండికి ఎంత పెట్టాలి? డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ ఉంటుంది, మొదటి రోజు అది పాటించండి. తర్వాత బండిని నింపి తూకం వేయించండి.

తూకం అనగానే పెద్ద పని అనుకుంటారు. పైలట్, ఫ్లయింగ్ జే, లవ్స్ లాంటి ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని ఉంటుంది, లారీల మధ్య క్యూలో నిలబడి, ముందు చక్రాలు ఒక పలక మీద, వెనకవి రెండో పలక మీద ఉండేలా ఆపితే ఏ యాక్సిల్ ఎంత బరువుందో కాగితం ఇస్తారు. ఖాళీ బండి తూచి లాభం లేదు. మంచినీళ్ళ ట్యాంకు నింపి (గాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు, 40 గాలన్లంటే 330 పౌండ్లు పైమాటే), పెట్రోలు, ప్రొపేన్ నింపి, మనుషులందరూ ఎక్కి, బియ్యం బస్తా, కుక్కర్లు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల సూట్‌కేసులతో సహా తూచండి. ఈ-450 మొత్తం బరువు 14,500 పౌండ్లు దాటకూడదు (పాత బండ్లకి కొంచెం తక్కువ, స్టిక్కర్ చూడండి). చాలా బండ్లు వెనక యాక్సిల్ మీదే హద్దుకి దగ్గరగా ఉంటాయి, ఎందుకంటే బాత్రూము, బెడ్‌రూము, ట్యాంకులు అన్నీ ఆ వెనకే. అంత బరువుంటే వెనక 80 నుంచి తగ్గించడానికి చోటుండదు. ముందు టైర్లకి మాత్రం టైర్ కంపెనీ బరువు పట్టిక చూసి, తూకంలో వచ్చిన అంకెకి కొంచెం పైనున్న ప్రెషర్ పెట్టండి. ముందు అనవసరంగా 80 పెట్టుకుని, స్టీరింగ్ రోడ్డు మీద నిలవట్లేదు, గాలికి పక్కకి లాగేస్తోంది అని తిట్టుకునేవాళ్ళు ఉన్నారు.

ప్రెషర్ చూడాల్సింది పొద్దున్నే, చక్రం కదలకముందు, ఎండ పడకముందు. రోడ్డెక్కాక 10, 15 పీఎస్ఐ పెరగడం మామూలే, ఎక్కువైందని వేడి టైరులోంచి గాలి తీసేస్తే మర్నాడు పొద్దున అది తక్కువ గాలి టైరు. చలికి తగ్గడం ఎక్కువ మంది పట్టించుకోరు. 80 దగ్గర ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్‌కీ దాదాపు 2 పీఎస్ఐ మారుతుంది. డల్లాస్‌లో 95 డిగ్రీల మధ్యాహ్నం నీడలో 80 పెట్టి బయల్దేరారనుకోండి, గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో (అది దాదాపు 7,000 అడుగుల ఎత్తు, మే నెలలో కూడా రాత్రుళ్ళు గడ్డకట్టే చలి ఉండొచ్చు) 30 డిగ్రీల పొద్దున అదే టైరు 72 దగ్గర చూపిస్తుంది. నిజానికి ఇంకా తగ్గాలి, ఎత్తులో బయటి గాలి పలచన కాబట్టి గేజ్ ఒక మూడు ఎక్కువ చూపిస్తుంది. టైరుకి చిల్లు లేదు, గాలి ఎక్కడికీ పోలేదు, అయినా అక్కడ నింపుకునే బయల్దేరాలి. పెట్రోల్ బంకుల్లో పావలాల మెషిన్లు 80 దాకా కొట్టడానికి ఆపసోపాలు పడతాయి, కాబట్టి బ్యాటరీకి క్లిప్పులు పెట్టుకునే, 100 పైన కొట్టగలిగే కంప్రెసర్ ఒకటి సొంతంగా ఉంచుకోవడం మేలు.

జంట టైర్ల సంగతి వేరే చెప్పాలి. మనూళ్ళో లారీ క్లీనర్లు ఇనుప రాడ్డుతో టైరుని కొట్టి చప్పుడు విని గాలి ఉందో లేదో చెప్పేస్తారు, ఇక్కడ కూడా ట్రక్కువాళ్ళు కర్రతో అదే చేస్తారు. పూర్తిగా దిగిపోయిన టైరుని అలా పట్టుకోవచ్చు, 80కి బదులు 55 ఉన్నదాన్ని మన చెవి పట్టుకోలేదు. జంటలో ఒకటి దిగిపోతే బండి వాలదు, స్టీరింగ్ లాగదు, పక్కది మొత్తం బరువు మోస్తూ పోతుంది, అంటే 2,470 మోయాల్సింది దానికి దాదాపు రెట్టింపు మోస్తుంది. అది వేడెక్కి పేలితే రబ్బరు ముక్కలు కింద ఉన్న డ్రైన్ పైపుల్నీ వైర్లనీ ప్రొపేన్ లైన్నీ కొట్టుకుంటూ పోతాయి. అందుకే ఈ బండికి టైర్ ప్రెషర్ మానిటర్, ఆరు సెన్సర్లతో, నా దృష్టిలో ఐచ్ఛికం కాదు. బిగించే ముందు రబ్బరు వాల్వులు మార్పించి లోహపువి వేయించండి, సెన్సర్ బరువుకి రబ్బరు వాల్వు ఊగి దాని మొదలు దగ్గర పగుళ్ళిస్తుంది. లోపలి టైరు వాల్వుకి తగిలించిన పొడుగాటి జాలీ గొట్టం ఉంటే దాన్ని కూడా చూడండి, చాలా స్లో లీకులు అక్కడే.

చక్రం ఎప్పుడు విప్పి బిగించినా 50 నుంచి 100 మైళ్ళలోపు నట్లు టార్క్ రెంచ్‌తో మళ్ళీ చూడాలి, అంకె ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. స్టెప్నీ ఉందా లేదా అన్నది కూడా ఇంట్లో ఉండగానే చూసుకోండి, చాలా క్లాస్ సీలకి అసలు ఇవ్వరు. స్టెప్నీ ఉన్నా ఈ బండిని రోడ్డు పక్కన జాకీ పెట్టి లేపకండి, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకోండి. కార్ల కోసం తీసుకున్న మామూలు ప్లాన్‌లో మోటార్‌హోమ్ ఉండకపోవచ్చు, ఆర్వీ (మోటార్‌హోమ్ లాంటి బండ్లు) కవరేజీ అని విడిగా రాసుందో లేదో చదవండి.

ముందు టైరు పేలితే బ్రేక్ కొట్టకండి. చెప్పడం తేలికే, కాలు తనంతట తనే బ్రేక్ మీదకి పోతుంది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కాలు యాక్సిలరేటర్ మీదే ఉంచి, బండి తిన్నగా నిలబడ్డాక నెమ్మదిగా కాలు తీసి దానంతట అదే స్పీడు తగ్గేలా వదిలి షోల్డర్ మీదకి తీసుకెళ్ళండి. మీ ఇంట్లో బండి నడిపే ఇంకొకరికి కూడా ఇది చెప్పి, నోటితో తిరిగి చెప్పించుకోండి.

ఫర్నెస్

రాత్రి రెండింటికి పిల్లలు చలికి లేస్తారు, ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వస్తూనే ఉంటుంది గానీ వేడి రాదు. అందరికీ మొదట వచ్చే అనుమానం ప్రొపేన్ అయిపోయిందని. చాలాసార్లు తగ్గింది బ్యాటరీ.

ఫర్నెస్ ఎలా వెలుగుతుందో తెలిస్తే సగం రిపేరు అయినట్టే. థర్మోస్టాట్ అడగ్గానే ముందు 12 వోల్టుల ఫ్యాన్ తిరుగుతుంది. ఆ గాలి తోపుకి సెయిల్ స్విచ్ అనే చిన్న రేకు కదిలి, గాలి సరిపడా వస్తోందని ఫర్నెస్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డుకి చెబుతుంది. అప్పుడు గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది, టిక్ టిక్ మని నిప్పురవ్వ పడుతుంది, మంట వెలిగిందని సెన్సర్ చూసుకుంటుంది. వెలగకపోతే చాలా బోర్డులు మూడుసార్లు ప్రయత్నించి ఆగిపోతాయి. బ్యాటరీ దిగిపోతే ఫ్యాన్ తిరుగుతుంది గానీ సెయిల్ స్విచ్‌ని తోసేంత వేగం ఉండదు, అంతే, గ్యాస్ ట్యాంకు నిండా ఉన్నా మంట రాదు.

కాబట్టి చప్పుడు వినండి. ఫ్యానే తిరగకపోతే ఫ్యూజు, థర్మోస్టాట్, బ్యాటరీ. ఫ్యాన్ తిరిగి టిక్ టిక్ రాకపోతే బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెట్టండి, ఫ్యాన్ తిరుగుతుండగా 11 చిల్లర చూపిస్తే అదే కారణం, జనరేటర్ వేసో ఇంజిన్ స్టార్ట్ చేసో చూడండి, వెంటనే వెలుగుతుంది. వోల్టేజీ బాగుండీ వెలగకపోతే గాలి లోపలికి వెళ్ళే జాలీకి ఎవరైనా బ్యాగు ఆనించారేమో, సెయిల్ స్విచ్‌లో కుక్క వెంట్రుకలు చిక్కాయేమో చూడాలి. టిక్ టిక్ వచ్చి మంట రాకపోతే గ్యాస్: స్టవ్ బర్నర్ ఒకటి వెలిగించండి, లైన్లో ఉన్న గాలి బయటికి పోతుంది, స్టవ్ మంట ఎలా ఉందో కూడా తెలుస్తుంది. ఫర్నెస్ వెలిగిన క్షణంలో స్టవ్ మంట కుంగిపోతుంటే రెగ్యులేటర్ పోతోందని అర్థం. వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోతుంటే మంట సెన్సర్, ఎర్త్ వైరు, లేదా బయట పొగగొట్టంలో అడ్డు. ఆగిపోయిన బోర్డుని మళ్ళీ మొదలెట్టడానికి థర్మోస్టాట్ ఆపి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ వేయండి.

ప్రొపేన్ ట్యాంకు వాల్వు ఎప్పుడూ మెల్లగా తెరవండి. గబుక్కున తిప్పితే లీకు అనుకుని సేఫ్టీ వాల్వు మూసుకుపోతుంది, గ్యాస్ సన్నగా వస్తుంది, స్టవ్ బాగానే వెలిగి ఫర్నెస్ మాత్రం వెలగదు. మోటార్‌హోమ్ ట్యాంకు బండికే బిగించి ఉంటుంది కాబట్టి సిలిండర్ మార్చుకునే స్టోర్లు పనికిరావు, బండిని తీసుకెళ్ళి నింపించుకునే యూ-హాల్, ట్రాక్టర్ సప్లై లాంటి చోట్లు చూడాలి. నింపేటప్పుడు స్టవ్, ఫర్నెస్, ఫ్రిజ్ అన్నీ ఆపి అందరూ కిందకి దిగాలి. 80 శాతానికే నింపుతారు, మోసం చేశారనుకోకండి, గ్యాస్ వ్యాకోచానికి ఆ ఖాళీ ఉండాలి.

ఒక రాత్రికి ఎంత పడుతుందో లెక్క చాలా సులభం. గాలన్ ప్రొపేన్‌లో 91,500 బీటీయూ (వేడి కొలత) ఉంటుంది, 30,000 బీటీయూ ఫర్నెస్ ఆగకుండా తిరిగితే గాలన్ మూడు గంటలు వస్తుంది. పది గంటల రాత్రిలో సగం సేపు తిరిగిందనుకుంటే గాలన్నర పైన. అదే ఐదు గంటల్లో ఫ్యాను 7, 8 యాంప్స్ చొప్పున 40 యాంప్ అవర్ల దాకా తాగుతుంది. మామూలు లెడ్ యాసిడ్ 100 యాంప్ అవర్ బ్యాటరీలో వాడుకోదగినది సగమే, 50. అంటే హుకప్స్ (బండికి బయటి నుంచి కరెంటు, నీళ్ళు తగిలించుకునే సదుపాయం) లేని క్యాంప్‌గ్రౌండ్‌లో (సౌత్ రిమ్‌లో మాథర్ అలాంటిదే, ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటి తప్ప మిగతావన్నీ అంతే) ఒక్క చలి రాత్రికి ఒక బ్యాటరీ ఖాళీ. గ్యాస్ కంటే ముందు బ్యాటరీయే చేతులెత్తేస్తుంది, దానికి తగ్గట్టు పగలు జనరేటర్ టైములు చూసుకుని నింపుకోవాలి.

హుకప్ ఉన్నచోట ఎలక్ట్రిక్ స్పేస్ హీటర్ పెట్టుకుని ప్రొపేన్ మిగుల్చుకుందామని అందరికీ అనిపిస్తుంది. మామూలు చలికి పర్వాలేదు. గడ్డకట్టే చలిలో మాత్రం అదే పని ముంచుతుంది, ఎందుకంటే చాలా బండ్లలో కింద నీళ్ళ ట్యాంకులు, పైపులున్న గదికి ఫర్నెస్ డక్ట్ ఒకటి వెళ్తుంది, స్పేస్ హీటర్‌తో మనం వెచ్చగా ఉంటాం, ఫర్నెస్ తిరగదు, కింద పైపులు పగులుతాయి. 1,500 వాట్ల హీటరంటే 12.5 యాంప్స్ రాత్రంతా, బండిలో సన్న ప్లగ్గు అంత సేపు తట్టుకోదు, అరగంట తర్వాత ప్లగ్గుని చేత్తో ముట్టుకుని చూడండి. వేడిగా ఉంటే తీసేయండి. స్టవ్ వెలిగించి గది వెచ్చబెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి, అది కార్బన్ మోనాక్సైడ్‌తో ఆట.

సీజన్‌కి ముందు పొగగొట్టంలోకి టార్చి వేసి చూడండి. మట్టితో గూడు కట్టే కందిరీగలకి ఆ గొట్టం చాలా ఇష్టం. జాలీలు అమ్ముతారు గానీ వాటిని కొన్ని ఫర్నెస్ కంపెనీలు వద్దంటాయి, మీ మాన్యువల్ చదివి నిర్ణయించుకోండి. నేల దగ్గర ఉండే ప్రొపేన్ అలారం (గాలి కంటే బరువు కాబట్టి గ్యాస్ కిందకే చేరుతుంది), కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండూ తిప్పి వెనక తేదీ చూడండి. వాటికి ఆయుష్షు ఉంటుంది, మామూలుగా ఐదు నుంచి ఏడేళ్ళు. బటన్ నొక్కితే కూత పెడుతోంది కదా అని పదేళ్ళ అలారాన్ని నమ్మకండి. గ్యాస్ వాల్వు, బర్నర్ విప్పడం మాత్రం మొబైల్ ఆర్వీ టెక్నీషియన్‌కి వదిలేయండి, అక్కడ డబ్బు మిగుల్చుకోకండి.

ఏసీ

పైకప్పు మీద ఉండే ఏసీ 13,500 లేదా 15,000 బీటీయూ. బయట 105 ఉంటే లోపల 72 కావాలని జూలైలో టెక్సస్‌లో అడిగితే పాపం అదేం చేస్తుంది, గోడలు రెండంగుళాలు, ముందు అద్దం గోడంత. ఏసీ బాగుందో లేదో గది ఉష్ణోగ్రత బట్టి తేల్చకండి. ఇరవై నిమిషాలు తిప్పి, గాలి లోపలికి పీల్చే జాలీ దగ్గర ఒకసారి, దానికి దగ్గర్లో చల్లగాలి వచ్చే చోట ఒకసారి థర్మామీటర్ పెట్టండి. తేడా 16 నుంచి 22 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే మెషిన్ తన పని తాను చేస్తోంది, మీ సమస్య ఎండా, కిటికీలూ. ముందు అద్దానికీ బాత్రూము పైన స్కైలైట్‌కీ వెండి రంగు ఇన్సులేషన్ షీట్ కత్తిరించి పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. ఉక్కపోత ఎక్కువున్న హ్యూస్టన్, ఫ్లోరిడా వైపు ఆ థర్మామీటర్ తేడా కాస్త తక్కువే వస్తుంది.

తేడా తక్కువైతే ముందు ఫిల్టర్. నెలకోసారి కాదు, బండిలో ఉంటున్న రోజుల్లో రెండు వారాలకోసారి కడగాలి, పోపులూ వేపుళ్ళూ చేసే బండైతే వారానికోసారి. నూనె జిడ్డు పట్టిన ఫిల్టర్ ఉత్త నీళ్ళకి పోదు, గిన్నెల సబ్బు వేసి కడిగి బాగా ఆరనివ్వండి. ఆ తర్వాత లోపలి మూత విప్పి, వెళ్ళే గాలికీ వచ్చే గాలికీ మధ్య ఉన్న అడ్డుగోడని చూడండి. ఫ్యాక్టరీలో అంటించిన టేపు ఊడి, చల్లగాలి గదిలోకి రాకుండా అక్కడికక్కడే ఏసీ తిరిగి పీల్చుకోవడం చాలా బండ్లలో ఉంది. అల్యూమినియం ఫాయిల్ టేపుతో సందులన్నీ మూసేస్తే కొన్నిసార్లు కొత్త ఏసీ వేయించినంత తేడా కనిపిస్తుంది. గుడ్డతో చేసిన గ్రే డక్ట్ టేపు వద్దు, అది వేడికి జారిపోతుంది.

కాయిల్ మీద మంచు పట్టి గాలి ఆగిపోతే కంప్రెసర్ ఆపి ఫ్యాన్ ఒక్కటే హైలో తిప్పండి, కరుగుతుంది. రాత్రుళ్ళు ఫ్యాన్ లోలో పెట్టి సెట్టింగ్ 60కి దించితే ఇదే జరుగుతుంది.

పైకి ఎక్కి చూడాల్సింది ఏడాదికి ఒకటి రెండుసార్లు, పొద్దున చల్లగా ఉన్నప్పుడు. కరెంటు ప్లగ్గు పూర్తిగా పీకి, జనరేటర్ ఆపి ఎక్కండి. ప్లాస్టిక్ కవర్ విప్పి, బయటి కాయిల్‌లో చెత్త దులిపి, వంగిన రేకుల్ని ఫిన్ దువ్వెనతో సరిచేసి, కాయిల్ క్లీనర్ నురగ కొట్టి తక్కువ ఒత్తిడి నీళ్ళతో కడగండి. ప్రెషర్ వాషర్ తగిలితే రేకులన్నీ పడుకుంటాయి. కరెంటు తీసినా కెపాసిటర్‌లో ఛార్జి నిలిచి ఉంటుంది, తెలియనివాళ్ళు దాని జోలికి పోకండి. ఫ్యాన్ తిరుగుతూ కంప్రెసర్ హమ్ మని మూలిగి ఆగిపోతుంటే చాలాసార్లు పోయింది ఆ కెపాసిటరే, మొత్తం ఏసీ మార్చాలని ఎవరైనా చెబితే ముందు అది పరీక్షించమనండి. వర్షానికి ఏసీ కింద నీళ్ళు కారుతుంటే పైన సీలెంట్ పులమకండి. లోపలి నుంచి నాలుగు బోల్టులు ఉంటాయి, అంగుళం మందమున్న గాస్కెట్ దాదాపు అరంగుళానికి నొక్కుకునేదాకా వాటిని సమంగా బిగించాలి. అతిగా బిగిస్తే ఫ్రేమ్ వంగుతుంది.

ఇక కరెంటు. ఏసీకి 12 నుంచి 16 యాంప్స్ కావాలి. 30 యాంప్ ప్లగ్గంటే మొత్తం 3,600 వాట్లు, అందులో ఏసీ తిరుగుతుండగా 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్ మీద సాంబారు పెట్టి, మైక్రోవేవ్ కూడా నొక్కితే బ్రేకర్ పడిపోవడం న్యాయమే. వంట అయ్యేదాకా ఏసీ ఆపండి, లేదా వంట ప్రొపేన్ మీద చేయండి. 50 యాంప్ బండైతే 12,000 వాట్లు, అక్కడ ఈ టెన్షన్ లేదు.

బ్రేకర్ పడటం కంటే ప్రమాదం వోల్టేజీ తగ్గడం. నిండిపోయిన ఆర్వీ పార్కులో సాయంత్రం ఐదింటికి అందరి ఏసీలూ తిరుగుతుంటే 120 రావాల్సిన చోట 108 రావచ్చు. 104 కిందికి పోతే కంప్రెసర్ ఎక్కువ యాంప్స్ లాగి లోపలే కాలుతుంది, వెంటనే చావదు, ఆ సీజన్‌లోనో వచ్చే సీజన్‌లోనో చస్తుంది. ఉత్త సర్జ్ ప్రొటెక్టర్ దీన్ని ఆపదు, తక్కువ వోల్టేజీకి కూడా కరెంటు కోసేసే ఈఎంఎస్ రకం కొనండి.

ఇంటి దగ్గర డ్రైవ్‌వేలో సన్నటి ఆరెంజ్ ఎక్స్‌టెన్షన్ వైరుతో గ్యారేజీ ప్లగ్గు నుంచి ఏసీ నడపకండి. ఫ్రిజ్‌కీ బ్యాటరీ ఛార్జింగ్‌కీ అది చాలు, ఏసీకి ప్లగ్గు కరుగుతుంది. సరైన అవుట్‌లెట్ పెట్టించుకుంటే ఎలక్ట్రీషియన్‌కి గట్టిగా చెప్పండి: 30 యాంప్ ఆర్వీ ప్లగ్గు, టీటీ-30, అది 120 వోల్టులు మాత్రమే. మూడు పిన్నుల ఆ ప్లగ్గుని బట్టలారబెట్టే డ్రయ్యర్ ప్లగ్గు అనుకుని 240 ఇచ్చేసే ఎలక్ట్రీషియన్లు ఉంటారు, తగిలించిన క్షణంలో మైక్రోవేవ్ నుంచి కన్వర్టర్ (బయటి కరెంటుని 12 వోల్టులుగా మార్చేది) దాకా అన్నీ పోతాయి. అతను వెళ్ళకముందే మల్టీమీటర్ పెట్టి చూసుకున్నాకే ప్లగ్గు పెట్టండి.

కొండలెక్కేటప్పుడు

డ్యాష్‌బోర్డు ఏసీ వేరు, అది ఇంజిన్ మీద నడుస్తుంది. డెత్ వ్యాలీ వైపు 190 హైవే మీద ఎక్కుడులో ఏసీ ఆపమని బోర్డులు పెట్టారు, ఊరికే పెట్టలేదు. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి కిటికీలు దించండి, నరకంలా ఉంటుంది గానీ ఇంజిన్ వేడి కొంత అటు పోతుంది. ఎక్కుడులో ముందు నుంచి పెద్ద హోరు వస్తే భయపడకండి, ఇంజిన్‌ని చల్లబరిచే ఫ్యాన్ పూర్తి వేగం అందుకుంది (ఫ్యాన్ క్లచ్ పట్టుకుంది), మంచిదే. దిగేటప్పుడు టో/హాల్ బటన్ నొక్కి ఇంజిన్‌తోనే స్పీడు ఆపండి. బ్రేకులు పట్టుకుని దిగితే ఆ వేడి చక్రానికీ టైరుకీ కూడా ఎక్కుతుంది.

నిలిపి ఉంచేటప్పుడు

నెలల పాటు నిలిపితే టైర్లకి తెల్ల కవర్లు వేయండి, గాలి సైడ్‌వాల్ మీదున్న గరిష్ఠం దాకా పెట్టి, బయల్దేరేటప్పుడు మళ్ళీ తగ్గించుకోండి. నిగనిగలాడే టైర్ పాలిష్‌లు వద్దు, వాటిలో పెట్రోలియం ఉన్నవి రబ్బరుని పాడుచేస్తాయి. చెక్కల మీద ఎక్కిస్తే జంటలో రెండు టైర్లూ పూర్తిగా చెక్క మీదే ఉండాలి, ఒకటి అంచు మీద వేలాడకూడదు. లెవలింగ్ కోసం వెనక చక్రాల్ని గాల్లోకి లేపకండి, పార్కింగ్ బ్రేక్ పట్టేది వాటినే.

జనరేటర్‌ని నెలకోసారి రెండు గంటలు, ఏసీ వేసి, లోడ్ మీద తిప్పండి. ఉత్తినే తిప్పితే పెద్దగా ఉపయోగం లేదు. అది మెయిన్ ట్యాంకు నుంచే పెట్రోలు తాగుతుంది, ట్యాంకు పావు వంతుకి దిగితే దాని గొట్టానికి అందదు, స్టార్ట్ అవ్వకపోతే మెకానిక్‌ని పిలిచే ముందు పెట్రోల్ ముల్లు చూడండి. బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్ ఆపేయండి, లేకపోతే ప్రొపేన్ అలారం ఒక్కటే నెమ్మదిగా దాన్ని తాగేస్తుంది. వసంతంలో మొదటిసారి ఫర్నెస్ వేసే ముందు నేల మీద డక్ట్ మూతలు తీసి లోపలికి టార్చి వేయండి, ఎలుకలు గూడు కట్టి ఉంటే ఆ కంపు మొదటి రాత్రే ఇల్లంతా పట్టేస్తుంది.